అత్తగారి గోడలో సలోమి

విలేకరి సలోమి పొద్దున్నే కాలువగట్టున నిలబడి, ఊరి కుళాయి నీటిలో ఫ్యాక్టరీ విషం కలిసిందని, ఎవరూ తాగవద్దని వార్త చదివింది. ఆ కాలపు ఆనవాయితీ ప్రకారం ఛానెల్ యంత్రం ఆ వార్తను వినేవారి పార్టీని బట్టి మార్చి, ఆమె గొంతుతోనే ఇంటింటి గోడలో బిగించిన స్పీకరుకూ పంపింది. అధికారపక్షం ఇళ్లకు తేనె పూసి, ప్రతిపక్షం ఇళ్లకు కారం దట్టించి పంపింది. ఆమె చదివింది చదివినట్టుగా ఏ ఇంటికీ చేరలేదు.

సలోమి ఇల్లు చేరేసరికి అత్తగారు రత్నమ్మ కుళాయి కింద చెంబు నింపుకుంటోంది.

"అత్తయ్యా, ఆ నీళ్లు తాగకండి! విషం!"

"అదేం మాటే? నీళ్లు అమృతంలా ఉన్నాయని, అంతా మా మంత్రిగారి చలవేనని ఇప్పుడేగా చెప్పావు!"

వంటింటి గోడలోంచి సలోమి గొంతు ఇంకా ఆ మాటే చెబుతోంది.

"అది నేను కాదత్తయ్యా. యంత్రం మార్చేసింది."

"చాల్లే. ఇంట్లో ఎప్పుడూ మా పార్టీని ఆడిపోసుకుంటావు. లోకం ముందు నిలబడేసరికి నిజం చెప్పక తప్పలేదు నీకు."

సలోమి చెంబు లాక్కోబోయింది. రత్నమ్మ వెనక్కి జరిగి, కోడలి వంక ఏనాడూ చూడనంత ప్రేమగా చూసింది.

"ఇన్నాళ్లకు నిన్ను చూస్తే గర్వంగా ఉందే తల్లీ. నీ మాట మీదే తాగుతున్నాను," అని చెంబెత్తి గటగటా తాగేసింది.