నెవిల్ ముక్కు మీది పట్టీ

"నొప్పిగా ఉందా నెవిల్?" అంటూ థెల్మా మరో గుమ్మడి స్కోన్ బన్నుకి వెన్న రాసి అతని చేతిలో పెట్టింది.

బల్లకి ఇవతల కూర్చున్న హెడ్లీకి ఒళ్ళు మండిపోయింది. ఆస్ట్రేలియాలోని ఈ మకాయ్ ఊళ్ళో, పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్బులో నాలుగేళ్ళుగా థెల్మాకి జోడీ తను. భార్య పోయాక మళ్ళీ బతకాలనిపించిందంటే ఈమె వల్లే. ఇప్పుడేమో నెవిల్ ముక్కు మీద ఎండకి లేచిన మచ్చ కోయించుకున్నానంటూ ఇంత పట్టీ వేసుకొచ్చాడు. అంతే, స్కోన్లు వాడికే, కారులో దింపడం వాడినే! డెబ్బయ్యారేళ్ళ మనిషికి ఇదేం కుళ్ళు అంటారా? కుళ్ళుకి వయసేమిటండీ!

"చెరుకు కోసినన్నాళ్ళూ నెత్తిన టోపీ పెట్టలేదుగా, అనుభవిస్తున్నా," అన్నాడు నెవిల్ దీనంగా.

"నేనూ కోశాన్రా ముప్పయ్యేళ్ళు! ఒక్క డాక్టరు గడప తొక్కలేదు," అన్నాడు హెడ్లీ.

"మరి ఆ చెవి వెనకాల పుండో?" అంది థెల్మా. "క్రిస్మస్ నుంచి మానలేదు. చూపించుకోమని ఎన్నిసార్లు చెప్పాను?"

"కళ్ళద్దాల కాడ ఒరుసుకుంది. వదిలెయ్."

థెల్మా వదిలేసింది. నెవిల్ వైపు తిరిగి, ఊడొస్తున్న పట్టీ అంచుని వేలితో మెల్లగా అదిమింది. హెడ్లీ తన టీ తాగకుండానే లేచిపోయాడు.

మరుసటి బుధవారం పట్టీ ముక్కుకి కుడివైపు ఉంది. కిందటి వారం ఎడమవైపు కదూ! 'రెండోది కూడా కోయించాడన్నమాట వెధవ' అనుకున్నాడు హెడ్లీ. ఆ రోజు ఆటకి థెల్మా నెవిల్‌తోనే జోడీ కట్టింది. హెడ్లీ తిన్నగా ఇంటికెళ్ళి చర్మం డాక్టరుకి ఫోన్ చేశాడు.

డాక్టరమ్మ భూతద్దం పెట్టి చెవి వెనక చాలాసేపు చూసింది. "ఎన్నాళ్ళుగా ఉంది?"

"అదలా ఉంచమ్మా. పట్టీ మాత్రం పెద్దది వెయ్యి."

ఆమె నవ్వలేదు. ఆ పుండు కోసి పరీక్షకి పంపింది. పది రోజులకి కుట్లు విప్పి, కొత్త పట్టీ వేస్తూ చెప్పింది. "క్యాన్సరే. ఇంకో ఆర్నెల్లు ఆగుంటే లోపలికి పాకేది. మొత్తం తీసేశాం, భయం లేదు."

హెడ్లీ ఆ పట్టీని ఓసారి తడుముకున్నాడు. అట్నుంచటే క్లబ్బుకెళ్ళాడు.

"థెల్మా, కోయించుకున్నా. క్యాన్సరట. మొత్తం పోయిందట."

థెల్మా చేతిలో ప్లేటు పక్కన పడేసి, అందరి ముందే అతన్ని వాటేసుకుని బావురుమంది. ఆమె భుజం మీదుగా హెడ్లీ నెవిల్‌ని చూశాడు. 'ఇప్పుడేడువు!'

నెవిల్ ఏడవలేదు. "ఒకటే దురద. నువ్వనుకున్నది అయిందిగా, ఇక తీసేస్తున్నా థెల్మా," అంటూ తన పట్టీని ఒక్క లాగు లాగాడు.

దాని కింద చిన్న గాటు కూడా లేదు.