ముక్కపురుగుల పిలుపు

మొగుడు అప్పలనరసింహం మీద సత్యవేణికి ఉన్నది ఒకటే ఫిర్యాదు. ఆ మనిషి ముక్కపురుగుల్ని పిలిచి మరీ తెచ్చుకుంటాడు గానీ, సొంత అన్నను మాత్రం పిలవడు.

"పురుగుల్ని లాగే వాసన బిళ్ళ తెచ్చి బస్తాల నడిమిన కడితే అవి రావేటండీ? దూరంగా కట్టమని అమ్మినాయన సెప్పేడు కదా!"

"వస్తాయి, అట్టపెట్టెలో జిగురుకి అంటుకుంటాయి. అదే కదా కావాల!"

"అంటుకున్నవి గుప్పెడు. బియ్యంలో దిగినవి బస్తాడు."

రాయగడ బజారులో ఆయనది బియ్యం టోకు వ్యాపారం. పురుగు పట్టిందని కొల్నార ఊళ్ళో కొట్టతను ఆ ఉదయమే సరుకు తిప్పి పంపాడు.

"ఇవి నా పురుగులు కావే. గోడవతల అన్నియ్య గోదాంలోంచి వస్తన్నాయి."

ఆస్తి పంచుకున్నప్పుడు గోదాం మధ్య గోడ కట్టించింది అన్న సూర్యం. తప్పు నాదేనని ఆయన నోటితో అనేదాకా మాట్లాడేది లేదని తమ్ముడు పట్టుబట్టి ఏళ్ళయింది. బజారులో ఎవరైనా సూర్యం పేరెత్తితే చాలు, నరసింహం లేచి వెళ్ళిపోతాడు.

"మగపురుగుకి గింజ దొరికితే వాసనొదిలి ఆడామగా అందర్నీ రమ్మంటాదట," అంది సత్యవేణి. "మీకు ఆ పాటి కూడా నేదు."

"అయితే ఎల్లి మీ బావగారితో సెప్పు, ఆయన పురుగుల్ని ఆయన్నే పట్టుకెళ్ళమని!"

ఆ మాట కోసమే కాచుకున్నట్టు సత్యవేణి చెప్పులు వేసుకుంది.

ఆమె వెనకే సూర్యం వచ్చాడు. తల బాగా నెరిసింది. తమ్ముడు తలెత్తలేదు. సూర్యం అట్టపెట్టె అందుకుని, కళ్ళజోడు సవరించుకుని, పురుగుల్ని శ్రద్ధగా చూశాడు.

"నావే," అన్నాడు.

"పురుగుల్ని సూసి ఎలా సెప్తావు?"

"నా పురుగులు నాకు తెలీవేట్రా?" సూర్యం అట్టపెట్టె కింద పెట్టాడు. "తప్పు నాదే నర్సిమ్మా."

నరసింహం అప్పుడు తలెత్తి అన్న ముఖంలోకి చూశాడు.

"మరీ సిక్కిపోనావు అన్నియ్యా," అన్నాడు. "పద, నీ గోదాం నేను దులిపి పెడతాను."

"ఇప్పుడెందుకురా? రేపు సూద్దాం."

"రేపూ లేదు, ఎల్లుండీ లేదు. పద."

సత్యవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్నదమ్ములిద్దరూ వీధి చుట్టి వెళ్ళారు. అన్న చేతిలోంచి తాళాలు లాక్కుని నరసింహమే షట్టరెత్తాడు.

లోపల కప్పు దాకా సిమెంటు బస్తాలే.