పొడుగు చేతుల కిమోనో

"చిలకపచ్చది వద్దక్కా. పరాయివాళ్ళ పెళ్ళికి వెళ్ళేటప్పుడు కట్టుకునేది అది," అంది రిత్సుకో.

"నాకు తెలీదూ?" కినుయో ఆ కిమోనోను మడిచి పక్కన పడేసింది. బీరువాలోవన్నీ అప్పటికే చాపమీదున్నాయి. బయట కనజావా ఊరి వాన పట్టిన పట్టు విడవడం లేదు.

ఏ రోజు ఏది కట్టుకోవాలో కూతురికి చెప్పడం మొదటినుంచీ కినుయో పనే. తేనీటి సభకు బొమ్మలు లేని ఒకే రంగుది, బజారుకు చిన్నపూల నేతది. తల్లి తీసి ఇస్తే మినోరి కట్టుకునేది. ఇది నచ్చింది, అది నచ్చలేదు అని ఎన్నడూ అనలేదు. ఒక్కసారి మాత్రం నోరు విప్పింది. నూడుల్స్ కొట్టు నడిపే ఇవాసేని పెళ్ళి చేసుకుంటానంది.

"వాడి ఒంటినిండా ఎముకల పులుసు కంపు. నా గడప తొక్కనివ్వను," అంది కినుయో.

మినోరి ఏడవలేదు, ఇల్లు విడిచిపోలేదు. ఆఫీసుకు వెళ్ళింది, వచ్చింది, తల్లి వండింది తింది. ఏళ్ళు అలాగే గడిచాయి.

రిత్సుకో అడుగునుంచి ఎర్రది లాగింది. నేలను తాకేంత పొడుగు చేతులు, వాటిమీద ఎగిరే కొంగలు. మినోరి ఇరవయ్యో ఏట ఒక్కసారి కట్టుకున్నది.

"ఇది కడదాం."

"ముప్ఫై దాటినదానికి పొడుగు చేతులా? వచ్చినవాళ్ళు నవ్విపోతారే!"

"పెళ్ళికాని పిల్లలు కట్టుకునేది ఇదే. మినోరికి పెళ్ళయిందా?"

కినుయో పక్కన పడేసిన చిలకపచ్చదాన్ని తీసి మళ్ళీ మడవసాగింది.

"ఎందుకు కాలేదో కూడా నన్నే చెప్పమంటావా?"

"ఈ ఒక్క రోజైనా నన్ను సాధించకే."

రిత్సుకో గొంతు తగ్గించింది. "ఇవాసే వస్తున్నాడు. నేనే ఫోన్ చేశాను. నువ్వు తిట్టినా సరే."

కినుయో చేతిలోని నడికట్టు జారిపోయింది. వంగి తీయడానికి చాలాసేపు పట్టింది.

"కొట్టు మూసేసి వస్తాడా?"

"మూసేశానన్నాడు."

"పెళ్ళి చేసుకున్నాడా?"

"లేదక్కా."

"అయితే ఎర్రదే కడదాం. అతను చూడాలి."

"గుమ్మంలోనే నిలబెట్టి పంపించెయ్యవు కదా?"

"లోపలికి తీసుకొస్తాను. దాని పక్కనే కూర్చోబెడతాను. చాలా?" అంది కినుయో. ఆ మాట ఇన్నేళ్ళూ గొంతులో ఎక్కడ ఇరుక్కుందో ఆమెకే తెలియలేదు.

ఇద్దరూ లోపలి గదిలోకి వెళ్ళారు. కినుయో కూతురి జుట్టు దువ్వింది. పెదవులకు రంగు అద్దబోతూ ఆగింది.

"లేతది ఇవ్వు రిత్సూ. ముదురు రంగంటే దీనికి ఇష్టం ఉండదు."

"ఇప్పుడు తెలిసిందా?"

"ఎప్పుడూ తెలుసు."

మినోరి భుజాలను రిత్సుకో పట్టుకుంటే కినుయో పొడుగు చేతులు తొడిగింది. ఎప్పటిలాగే మినోరి ఏమీ అనలేదు. ఎరుపు ఆమెకు ఎంతో నప్పింది. ఎందుకు ఇన్నాళ్ళూ దాచిపెట్టానా అనుకుంటూ కినుయో అలవాటుకొద్దీ కుడి అంచును లోపలికి సర్ది, దానిమీదికి ఎడమ అంచును లాగింది.

రిత్సుకో అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎడమ అంచు పైకి వేసేది బతికున్నవాళ్ళకక్కా."