ఆటలో మా ఆయన పేరు

మనవరాలు నిఖిల వీడియో గేములో కత్తి పట్టిన వీరుడికి వాళ్ళ తాతయ్య పేరు పెట్టింది. నిన్న ఆ పేరు పెట్టి "చచ్చిపోయాడు!" అని ఫ్రెండుతో ఫోనులో చెప్పి పకపకా నవ్వింది.

నాకు ఒళ్ళు మండింది. "నాకు రాయడం రాదు, నువ్వే ఆ కంపెనీకి ఉత్తరం రాయవే. ఆడేవాళ్ళను పేర్లు పెట్టనివ్వొద్దని రాయి. బొమ్మ చేసినవాళ్ళే పేరూ పెట్టుకోవాలి. పోయినవాళ్ళతో ఆటలేమిటి?"

"ఓకే నానమ్మా, టైప్ చేస్తా. ఏ పేరు పెట్టారని రాయను?"

"నీకు తెలీదూ?"

"కంప్లైంట్ నీది. నువ్వు చెప్పిందే రాస్తా."

మా ఇళ్ళలో ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. యాభై రెండేళ్ళ కాపురంలో నేనూ పలకలేదు.

"పోనీ, వదిలెయ్," అని నిఖిల మళ్ళీ ఆటలో పడింది. వీరుడు మంచులో కూలిపోయాడు. అది పేరు పెట్టి అరుస్తూ బటన్ నొక్కింది. లేచి నిలబడ్డాడు.

పోయినేడు ఈ పరాయి దేశంలో, సస్కటూన్ ఊరి ఆసుపత్రిలో ఆయనకు స్పృహ తప్పినప్పుడు, "పేరు పెట్టి పిలవమంటోంది నర్సు. వినపడుతుందేమోనట నానమ్మా," అని ఇదే నిఖిల నాకు చెప్పింది.

ఆయన పోయేదాకా ఆ మూడు రోజులూ నేను "ఏమండీ" అనే పిలిచాను.