పెరట్లో ఆనవాళ్ళు

పరిశోధకుడు గేటు దగ్గర బూట్లు దులుపుకుని లోపలికి వచ్చాడు. భుజాన పాత తోలు సంచీ. అందులో టేపు, దిక్సూచి, మట్టి నింపుకునే చిన్న సీసాలు. ఎగిరే పళ్ళెం దిగిందని ఎవరైనా అంటే, వెళ్ళి ఆనవాళ్ళు చూసి నిజమో అబద్ధమో తేల్చడం అతను నేర్చిన పని.

"కబురందగానే వచ్చేశారే," అంది ఇంటావిడ.

"దగ్గర్లోనే ఉన్నానమ్మా. ఎక్కడ దిగింది?"

ఆమె పెరట్లోకి తీసుకెళ్ళింది. పచ్చగడ్డి మధ్య గుండ్రంగా మాడిన మచ్చ. అందులో మూడు గుంటలు.

పిట్టగోడ అవతల పొరుగింటావిడ బట్టలు ఆరేస్తోంది.

"మళ్ళీ దిగిందా అక్కయ్యా? దానికి వేరే ఇల్లే దొరకదా?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆస్పత్రి మాటెత్తితే వినవు. ఎన్నాళ్ళిలా?" అంది.

ఆమె పరిశోధకుడి చేతులనే చూస్తోంది.

నిజానికి అక్కడ ఏదీ దిగలేదు. ఆమే ఉప్పునీళ్ళు మరగకాచి వారం పాటు ఆ గడ్డి మీద పోసింది. ఎండాక పాత కాగితాలు పరిచి నిప్పంటించింది. వంటింట్లోని మూడు కాళ్ళ ఇనప స్టూలు తెచ్చి, పైకెక్కి తొక్కి గుంటలు చేసింది.

ఆమెకు కావలసింది ఒక్కటే. ఈ మనిషి వెళ్ళిపోకూడదు. అబద్ధమని తేలితే మరుక్షణం సంచీ భుజానేసుకుంటాడు. తేలకపోతే ఉండిపోతాడు. తేలని చోట రాత్రికి కాపలా ఉండి తీరాలని అతని పరిశోధకుల సంఘం నియమం.

ఇంట్లో రెండో కుర్చీ ఉంది. అది ఖాళీగా ఉండటం ఆమె ఎలాగో భరించగలదు. కూర్చున్న మనిషి లేచి, ఎవరో పరాయి ఇంట్లోంచి వెళ్ళినట్టు వెళ్ళిపోవడమే భరించలేదు.

అతను మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి దుబ్బు పీకాడు.

"వేళ్ళు కూడా చచ్చాయి," అన్నాడు.

"పోయినసారి వేళ్ళు పచ్చిగా ఉన్నాయనే కొట్టిపారేశారు." ఆమె నోరు జారింది.

"ఎవరు, మావాళ్ళా?"

"ఆఁ."

"పనిమంతుడే అయ్యుంటాడు. పైపై మంటకు వేరు చావదు."

"పనిమంతుడే. అబద్ధమని చెప్పేసి అప్పటికప్పుడే వెళ్ళిపోయారు. రెండు రోజులు నాకు కంటిమీద కునుకు లేదు."

"అవమానంతోనా?"

"ఆ రెండు రోజులూ వాన పడింది," అంది ఆమె.

అతనికి అర్థం కాలేదు. గుంటలు కొలవడంలో పడ్డాడు. కొలిచిన గుంటనే మళ్ళీ కొలిచాడు. ఎండ గోడ ఎక్కుతోంది. ఆమె లోపలికి వెళ్ళి వచ్చింది.

"ఏమండీ, టీ చల్లారిపోతోంది."

అతను ఒక గుక్క తాగి తలెత్తాడు. "చక్కెర లేదు. నేను మానేశానని మీకెవరు చెప్పారు?"

"ఈ వయసులో అందరూ మానేసేవాళ్ళేగా."

"మానేయడమా నా బొంద. మా ఆవిడ వేయదు. చెంచాడు అడిగితే వినపడనట్టు ఊరుకుంటుంది." నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "ఇంట్లో ఒక్కతే ఉంటుంది. నేను తొందరగా వెళ్ళాలమ్మా."

పోయినసారి కూడా ఇంతే. ఆవిడ గుర్తుకొచ్చిందంటే ఇక కాలు నిలవదు ఇతనికి.

"ఎలా ఉంటారావిడ?" మెల్లగా అడిగింది.

అతను కప్పులోకి చూస్తూ చాలాసేపు ఆలోచించాడు.

"మంచిది," అన్నాడు చివరికి.

టేపు చుట్టేశాడు. సంచీ దగ్గరికి లాక్కున్నాడు. పోతూ పోతూ అన్నట్టు మూడో గుంటలో వేలు పెట్టి కెలికాడు. ఏదో తగిలింది. బయటికి తీశాడు. గుండ్రంగా, నల్లగా, వేలికి తొడిగేంత వస్తువు.

ఆమె కొయ్యబారిపోయింది. అది స్టూలు కాలి రబ్బరు తొడుగు. పసిపిల్లలు కూడా గుర్తుపడతారు.

అతను దాన్ని వేళ్ళ మధ్య దొర్లించాడు. వాసన చూశాడు. వెలుగుకు ఎత్తి పట్టాడు. తర్వాత ఎంతో భద్రంగా సీసాలో వేసి మూత బిగించాడు.

"ఇది ఈ భూమ్మీదది కాదమ్మా," అన్నాడు. "రాత్రికి నేనిక్కడ ఉండాల్సిందే."

"మరి... మీ ఆవిడ?"

"అర్థం చేసుకుంటుంది. ఆమెకు అలవాటే."

ఆమె మొహం తిప్పుకుని ఖాళీ కప్పు అందుకుంది.

పెరటివైపు గది తెరిచి చూపించింది. అతను గడపలో సందేహిస్తూ నిలబడ్డాడు. "మీవారు ఏమీ అనుకోరు కదా?"

"ఆయన ఇంట్లో లేరు. వస్తారేమోనని చూస్తున్నాను."

"వస్తార్లెండి," అన్నాడతను జాలిగా.

కిటికీలోంచి పెరడు కాపలా కాస్తానన్నవాడు, చీకటి పడి ఎంతోసేపు కాకుండానే మంచం మధ్యలో ఒళ్ళెరగకుండా నిద్రపోయాడు. సంచీ గుండెల మీదే ఉంది. ఆమె దాన్ని తీసి మేకుకు తగిలించింది. గేటుకు తాళం వేసి వచ్చి, దీపం ఆర్పింది.

మంచం అంచున ఆమె బరువు ఆనగానే, అతను నిద్రలోనే, పెళ్ళయిన నాటి అలవాటు కొద్దీ గోడవైపు జరిగి, భార్యకు చోటిచ్చాడు.