తగరానికి పట్టిన చలి

ముసలాయన తగరం పట్టీని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచాడు. అది కిర్రుమంది.

"ఏడుస్తోంది. సిసలైన తగరమే. ఇందులో సీసం బొత్తిగా కలపలేదు కదా నాయనా?"

బ్లాజెయ్ సుత్తి పక్కన పెట్టాడు.

ఆ స్లొవాకియా కొండల్లో, గాలి ఊదితే పాడే చర్చి ఆర్గన్లకి తగరం గొట్టాలు చేసే మేస్త్రీ అతను. ఇప్పుడు చేస్తున్నవి సొంత ఊరి చర్చికి. వాటి మెరుపులో మొహం చూసుకుని ఫాదరు గారు గడ్డం గీసుకోవచ్చు.

"ఎందుకు కలపాలి? నల్లబడ్డానికా?"

"పదింట ఒక వంతు చాలు. చలికాలం గట్టెక్కుతుంది."

"మీదే ఊరు తాతా?"

"రెండు కొండల అవతల. లిపొవెత్స్."

ఆ పేరు వినగానే బ్లాజెయ్ చెవులు ఎర్రబడ్డాయి.

లిపొవెత్స్ చర్చిలో ఆర్గన్ చేసింది వెండెలీన్ అనే మేస్త్రీ. బ్లాజెయ్ ఏ గొట్టం మోగించినా జనం ఒకటే మాట. "బాగుంది బ్లాజెయ్, కానీ ఆ వెండెలీన్‌ది వింటే..."

పెళ్ళిలో తోడుపెళ్ళికొడుకు అదే అన్నాడు. వాళ్ళమ్మని పూడ్చిపెట్టిన రోజున ఫాదరు గారూ అదే అన్నారు.

ఆ కుళ్ళుతో బ్లాజెయ్ పాతికేళ్ళుగా ఆ ఊళ్ళో కాలు పెట్టలేదు. వెండెలీన్ మొహం ఎలా ఉంటుందో కూడా తెలీదు. అక్కడి జున్ను నాకిందని సొంత పిల్లితో మూడు వారాలు మాట్లాడలేదు.

"సీసం లేకపోతే ఏమవుతుందట?" అన్నాడు వెటకారంగా.

"తగరంలో రేణువులు పెళ్ళి డాన్సులో జనం లాంటివి నాయనా. ఎవరు ఎవరి పక్కకి జారినా పట్టింపు ఉండదు. అందుకే అది నువ్వు వంచినట్టల్లా వంగుతుంది. గట్టి చలి పడిందా, ఒక్కొక్కడూ సరిగ్గా నలుగుర్ని పట్టుకుని బిగుసుకుపోతాడు. అలా నిలబడాలంటే జాగా ఎక్కువ కావాలి. దాంతో ఒళ్ళు ఉబ్బి, పగిలి, పిండైపోతుంది. నడుమ నడుమ సీసం ఉంటే వాళ్ళని అలా పట్టుకోనివ్వదు."

"వెండెలీన్ పంపాడా నిన్ను?"

ముసలాయన టోపీ దులుపుకున్నాడు. "ఆయనకి తెలీకుండా రాలేదులే."

"అయితే చెప్పు ఆయనతో. నా గొట్టాలు చూసి కడుపు మండిందని నాకు అర్థమైందని."

ముసలాయన మొహం కందిపోయింది.

"చెప్తాను," అని కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

బ్లాజెయ్ భార్య హెడ్విగ గుమ్మంలోంచి అంతా విన్నది.

"రెండు కొండలు దిగొచ్చిన మనిషికి గుక్కెడు సూప్ పొయ్యలేదు. పోనీ ఒక్క గొట్టానికన్నా కలిపి చూడరాదూ?"

"నువ్వూ లిపొవెత్స్ పక్షమేనా?"

"నేను సీసం పక్షం," అంది హెడ్విగ.

అతను కలపలేదు.

ఆకులు రాలే రోజుల్లో ఆర్గన్ మోగింది. జనం నోళ్ళు వెళ్ళబెట్టి విన్నారు. ఒక్కడూ "కానీ" అనలేదు. బ్లాజెయ్ వారం రోజులు పెళ్ళినాటి కోటు విప్పకుండా ఊరంతా తిరిగాడు.

ఆ ఏడు చలి ఎంతంటే, రేగుపండ్ల సారా సీసాలో గడ్డకడితే కత్తితో కోసి రొట్టె మీద పెట్టుకు తిన్నారు. చర్చిలో చలి కాచుకునే పొయ్యి లేదు.

జనవరిలో గొట్టాల మీద బూడిదరంగు మచ్చలు లేచాయి. బ్లాజెయ్ గుడ్డతో తుడిచాడు. మచ్చ పోలేదు. గట్టిగా రుద్దాడు. వేలు లోపలికి దిగిపోయింది.

పిండి రాలింది.

ఈస్టర్ నాటికి ఆర్గన్ ఎలకలు కొట్టిన మొక్కజొన్న పొత్తులా ఉంది. మీట నొక్కితే ముసలి గుర్రంలా దగ్గింది. జనం నవ్వలేదు. అతనికి అదే ఎక్కువ బాధనిపించింది.

మంచు కరగ్గానే బ్లాజెయ్ మొదటిసారి లిపొవెత్స్ దారి పట్టాడు.

వెండెలీన్ ఇంట్లోంచి ఆయన కూతురు బయటికొచ్చింది.

"మేస్త్రీ గారి మనిషొకాయన పోయిన వేసవిలో నా దగ్గరికొచ్చాడమ్మా. కాస్త కుంటుతాడు. ఆయన్ని చూడాలి."

"మా నాన్న దగ్గర మనుషులెవరూ లేరన్నా. వచ్చింది ఆయనే. పోయిన నెలలో కాలం చేశారు."

బ్లాజెయ్ టోపీ తీశాడు.

"నా మీద కోపంతోనే పోయారా?"

"కోపం కాదన్నా. మీరు సంతలో కొత్త గొట్టం మోగించిన రోజున జనంలో నిలబడి విన్నారు, ఆ మెరుపు చూసి సీసం లేదని పసిగట్టారు. ఆనాటి నుంచీ ముద్ద దిగలేదు. 'వాడు నన్ను మించిపోయాడే, నేను నోరు మూసుకుంటే చాలు, వాడి సంగతి చలే చూసుకుంటుంది' అంటూ నెల్లాళ్ళు కుళ్ళుకుని కుళ్ళుకుని, ఓ రోజు పొద్దున్నే బూట్లు తొడుక్కుని మీకు చెప్పడానికి బయల్దేరారు."