శ్రుతి తెచ్చుకున్న శ్రోత

“గట్టిగా! ఇంకాస్త గట్టిగా!” వెనక కుర్చీల్లోంచి కేకలు.

ఆ కేకలకు శ్రుతికి ఉన్న కాస్త గొంతూ పోయింది. చేతిలో పుస్తకం మూసేసింది. ఉడుతకూ గూడ్సు బండికీ కుదిరిన స్నేహం కథ అది. న్యాయనిర్ణేత కుర్చీలో వనజాక్షి ప్రాణం ఉసూరుమంది.

ఉత్తరాది ఊళ్లో, వైశాలి నగర్ హాల్లో, అక్కడి తెలుగు పిల్లలకు కథ చదివే పోటీ. స్నేహం కథ స్నేహితుడికే చదివి వినిపించాలి; ప్రశ్నలు ఆ స్నేహితుణ్ణే అడుగుతారు. గెలిచినవాళ్లకు కథ మిగతా భాగాలన్నీ ఇస్తారు. ఇంట్లోనూ హిందీయే మాట్లాడే ఈ రెండో తరగతి పిల్ల, ఆ ఉడుతకు తర్వాత ఏమైందో తెలుసుకోవాలనే వేసవంతా తెలుగు అక్షరాలు కూడబలుక్కుంది.

“దోస్త్‌ని తెమ్మంటే దాదాజీని తెచ్చింది!” పోటీకొచ్చిన కౌండిన్య పకపకా నవ్వాడు.

“హాఁ, సింహాద్రి తాత నా పక్కా దోస్త్. నీకేంటి?”

అన్నదే గానీ, మళ్లీ పుస్తకం తెరిస్తే మాట పెగల్లేదు. ఎదురు కుర్చీలో పక్కింటి సింహాద్రి ముందుకు వంగి, కానీ అన్నట్టు తల ఊపాడు. శ్రుతి పెదాలు కదిలాయి. శబ్దం లేదు. అయినా పేజీ తర్వాత పేజీ తిప్పుతూ చివరిదాకా వెళ్లింది.

“ఒక్క ముక్కా వినబడలేదు. పేరు కొట్టేద్దాం” అన్నాడు రెండో న్యాయనిర్ణేత పార్థసారథి.

శ్రుతి కళ్లు నిండాయి. పార్థసారథి వైపే చూస్తున్న సింహాద్రి లేచాడు. “ఏటి బాబూ, నన్నడక్కుండానే? అడగాల్సింది నన్ను గదేటి!”

న్యాయమే. వనజాక్షి ఆయన ఎదుటికి వెళ్లి నిలబడింది.

“ఉడుత ఎందుకు అలిగింది?”

“బండి సెప్పకుండా ఎలిపోనాదని.”

“తిరిగొచ్చి బండి ఏం చేసింది?”

“కూతెయ్యకుండా మెల్లగొచ్చింది. పడుకున్న ఉడుత బెదిరిపోద్దని.”

“చివరికి?”

“ఇద్దరూ ఒకే జాంపండు తిన్నారు. బండికి నోరెక్కడిదని నన్నడక్కండి, పుస్తకంలో అలగే ఉంది!”

హాలంతా చప్పట్లు. కౌండిన్యే ముందుగా ఈల వేశాడు. గెలిచిన పుస్తకాలన్నీ గుండెలకు హత్తుకుని శ్రుతి తాత పక్కకు పరిగెత్తింది.

వనజాక్షి ఆశ్చర్యం తీరలేదు. “ముందు వరసలో మాకే వినబడలేదు. మీకెలా వినబడింది బాబాయి గారూ?”

ఆయన ఆమె ముఖంలోకే చూస్తూ నవ్వాడు. “మిల్లులో పన్జేసినప్పుడు ఆ మిషన్ల హోరులో ఒకరి పెదాలొకరం సూసే కబుర్లాడుకునేవోళ్లం తల్లీ. వినబడ్డమంటావా, నాకు రెండు చెవులూ పోయి శానా కాలమైంది!”